పాత విమానం చూసి ఇయ్యుండ్రి

అబిడ్స్‌లో ఏ దుకాణానికి పోయినా కొత్త స్టాక్ వచ్చిందంటారు. చీరలైనా చెప్పులైనా కళ్లజోళ్లైనా, కొత్తదంటేనే గిరాకీ. మేడమీది మా ట్రావెల్స్ ఆఫీసులో మాత్రం కొంతకాలం పాతదానికే గిరాకీ నడిచింది. మెట్లెక్కి రొప్పుతూ వచ్చిన మనిషి కుర్చీలో కూర్చోకముందే, "మేడం, జర పాత విమానం చూసి ఇయ్యుండ్రి" అనేవాడు. ఆ కౌంటర్లో చాలా ఏళ్లుగా టికెట్లు కొడుతున్నాను. కిటికీ పక్క సీటు అడిగినవాళ్లున్నారు. ఉల్లిపాయ లేని భోజనం అడిగినవాళ్లున్నారు. రాహుకాలం దాటాక ఎగిరేది కావాలన్నవాళ్లకైతే లెక్కలేదు. పాత విమానం కావాలని అడగడం మాత్రం అదే మొదలు.

సంగతేమిటంటే, మేము టికెట్లమ్మే ఒక విమాన సంస్థ కొత్తరకం విమానాలు తెప్పించింది. మధ్యలో ఒకటే నడవ, అటు మూడు సీట్లు, ఇటు మూడు సీట్లు. ఢిల్లీకీ ముంబైకీ తిరిగే మామూలు సైజుదే. ఇంధనం తక్కువ తాగుతుందట, చప్పుడూ తక్కువట. కానీ అది మన ఊరికి రాకముందే దాని పేరు చెడింది. ఆ రకం విమానాలు విదేశాల్లో కూలి చాలామంది చనిపోయారు. విమానం ముక్కును తనంతట తానే కిందికి వంచే ఏర్పాటులో లోపముందని తేలాక, ప్రపంచమంతా వాటిని నేలమీదే నిలబెట్టేశారు. తరువాత సరిచేసి, పైలట్లకు మళ్లీ శిక్షణ ఇచ్చి, ఎగరనిచ్చారు. మనవాళ్లు కొన్నది ఆ సరిచేసినదాన్నే. అయితే జనం ఫోన్లలో సరిచేసిన సంగతి తిరగదు, కూలిన సంగతే తిరుగుతుంది.

ఆ సంస్థవాళ్లు లక్డీకాపూల్‌లోని ఒక హోటల్‌కి ఏజెంట్లందరినీ పిలిచి భోజనం పెట్టారు. సూటు తొడుక్కున్న ఒకతను తెరమీద బొమ్మలు చూపించి, "కస్టమర్ అడిగితే ఒకటే మాట చెప్పండి. ప్రపంచంలో ఇంత క్షుణ్ణంగా పరీక్షించిన విమానం ఇంకొకటి లేదు" అన్నాడు. ఒకసారి సంబంధం తప్పిపోయిన పెళ్లికొడుకు గురించి మధ్యవర్తి చెప్పినట్టు చెప్పాడు. డబల్ కా మీఠా బాగుంది, ఆ మాటా బాగానే ఉంది. మర్నాటి నుంచి నేనూ అదే చెప్పాను. నువ్వు నమ్మావా అంటే, చీరలమ్మేవాడు ప్రతి చీరా కట్టి చూస్తాడా?

చెప్పినా వినేవాళ్లు తక్కువ. గిరాకీ పక్క వీధికి పోతుంటే మా సేటు ఒక ఉపాయం కనిపెట్టాడు. కంప్యూటర్ తెరమీద ప్రతి ప్రయాణం పక్కనా అది ఏ రకం విమానమో రాసి ఉంటుంది. అంతకుముందు ఎవరూ అటు చూసేవాళ్లు కాదు. ఇప్పుడు అదే ముందు చూసి, భయపడేవాళ్లకు పాత విమానం వెళ్లే వేళకు టికెట్ కొట్టేవాళ్లం. ఈ పేరు కోఠి దాకా పాకింది. పక్క ఆఫీసువాడు ఊరుకోలేక 'ఇచ్చట పాత విమానం టికెట్లు లభించును' అని బోర్డే పెట్టాడు. సంస్థవాళ్లు ఫోన్ చేసి చీవాట్లు పెట్టాక తీసేశాడు.

నిజానికి తెరమీద కనిపించే ఆ రాత ఎవరూ ఎవరికీ ఇచ్చిన మాట కాదు. అవసరాన్ని బట్టి బయలుదేరబోయే ముందు కూడా ఒకదాని బదులు ఇంకొకటి పంపుతారు. అది మాకు తెలియంది కాదు. కానీ చూపించగానే ఎదుటివాళ్ల మొహంలో భయం పోయేది. అది రోజూ చూసీ చూసీ, మేము చెప్పేది మేమే నమ్మడం మొదలుపెట్టాం.

అట్లా నమ్మినవాళ్లలో మా అక్క కూడా ఉంది. నాంపల్లిలో స్టేషన్ వెనకాల సందులో ఉంటుంది, సర్కారు బడిలో టీచరు. బావ పోయి చాలాకాలమైంది. ఒక్కతే కూతురు. దానికి ఉద్యోగమూ పెళ్లీ రెండూ ఢిల్లీలోనే కుదిరాయి. అక్క ఎప్పుడూ రైల్లోనే పోయేది. ఇంటి పక్కనే రైలెక్కడం వదిలి ఊరి బయట శంషాబాద్ ఎయిర్‌పోర్టు దాకా ఎవరు పోతారనేది. కూతురికి నెలలు నిండుతున్నాయని పురిటికి ముందే చేరేటట్టు రైలు టికెట్ కూడా చేయించుకుంది. ఈలోగా ఒకరోజు సాయంత్రం అల్లుడు ఫోన్ చేశాడు. పిల్లకు బీపీ బాగా పెరిగిందని, రేపు మధ్యాహ్నమే ఆపరేషన్ చేస్తామన్నారని చెప్పాడు.

అక్క నాంపల్లి నుంచి నడుచుకుంటూ మా ఆఫీసుకు వచ్చింది. ఆటో ఎక్కాలని కూడా తోచలేదట. "పొద్దున దానికి టికెట్ కొట్టు. పాతదే చూడు" అంది. "నాకు విమానమంటే భయం లేదే. గా రెక్క చీలింది ఉన్నది సూడు, అదంటేనే బుగులు." కొత్తరకానికి రెక్క కొస పైకొకటి కిందికొకటి రెండుగా చీలి ఉంటుంది. వీడియోలు చూసీ చూసీ ఊరందరికీ ఆ గుర్తు తెలిసిపోయింది. పొద్దుటి ప్రయాణం పాత విమానానిదే. తెర ఆమె వైపు తిప్పి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఇంక మారదు గదా?"

"మారదక్కా" అన్నాను. ఆ మొహం చూస్తూ ఇంకేమనాలో నాకు తోచలేదు.

మర్నాడు పొద్దున అక్కను క్యాబ్ ఎక్కించి ఆఫీసుకు వచ్చాను. షట్టర్ ఎత్తి కుర్చీ తుడుచుకుని కూర్చున్న కాసేపటికి ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్.

"ఏమే, గీ అద్దంలకెల్లి విమానం కనపడ్తున్నది. రెక్క కొస చీలి ఉన్నది. ఇది పాతదేనా?"

తెర చూశాను. మార్చేశారు. అబద్ధం చెబుదామనే అనుకున్నాను గాని నిజమే చెప్పేశాను. "మార్చిన్రక్కా. అది కొత్తదే."

అటు వెనకాల మైకులో ఏదో ఊరికి పోయేవాళ్లను పిలుస్తున్నారు.

"దీని తర్వాత ఎప్పుడున్నది?"

"నడుమ అన్నీ నిండినయ్. సీటున్నది సాయంత్రం దాంట్లనే. ఆపరేషన్ అయినంక చేరుతవు."

"నువ్వేమంటవ్?"

రోజూ పదిమందికి చెప్పే మాట నాలుక చివరే ఉంది. అక్కకు చెప్పలేకపోయాను. "నాకు తెల్వదక్కా" అన్నాను.

అక్క బళ్లో పిల్లల్ని గదమాయించే గొంతుతో అంది: "నా బిడ్డ ఆడ బల్ల మీద పండుకుంటది, నేను గీడ రెక్కలు చూసుకుంట కూసుంటనా? పెట్టేయ్ ఇగ."

ఫోన్ పెట్టేసింది.

అక్క క్షేమంగా దిగింది. కూతుర్ని లోపలికి తీసుకుపోకముందే దాని చెయ్యి పట్టుకుంది. మనవరాలు ఇప్పుడు ఇల్లంతా పాకుతోంది. ఇవన్నీ తరువాతి సంగతులు. ఆ పూట కౌంటర్లో కూర్చున్న నాకు ఇవేవీ తెలియవు. ఏ విమానం ఎక్కడుందో చూపించే పటం ఫోన్లో తెరిచి పెట్టుకున్నాను. అందులో చిన్న పసుపు విమానం నాగ్‌పూర్ వైపు పోతోంది. నాకు భయమేసింది. అన్నేళ్లలో ఎంతమందిని విమానాలెక్కించానో గాని, ఎక్కినవాళ్లు దిగారా లేదా అని చూసుకున్నది అదే మొదటిసారి. సేటు టీ తెప్పిస్తే అది మీగడ కట్టింది.

అప్పుడు వచ్చాడు ఉస్మాన్‌గంజ్ నుంచి ఒక పెద్దాయన. ఎండుమిరపకాయల హోల్‌సేల్ వ్యాపారం, మాకు పాత కస్టమరే.

"ఢిల్లీకి కావాలె మేడం, ఎల్లుండికి. పాత విమానం చూసి ఇయ్యుండ్రి."

"ఎల్లుండి పొద్దున కొత్తదే పోతుందండి."

ఆయన లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. "ఏం కాదు గదా?"

పరీక్షలూ శిక్షణా అని మొదలుపెట్టబోయాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"మా అక్క ఇప్పుడు అందుల్నే ఉన్నదండి."

ఎవరో ఒకరికి చెప్పుకోవాలనిపించి చెప్పాను. ఏం కాదమ్మా అని ఆయనే నాతో అంటే బాగుండుననిపించింది.

"సొంత అక్కనా?"

"ఔ."

ఆయన మొహం విచ్చుకుంది. "అగో, గా ముచ్చట ముందే చెప్పొద్దా! మీ ఇంటి మనిషినే ఎక్కిచ్చిన్రంటే ఇంక ఫికరేంది? రెండు కొట్టుండ్రి. మా ఇంటామెను గూడ తీస్కపోత."

జేబులోంచి ఇద్దరి ఆధార్ కార్డులు తీసి నా ముందు పెట్టాడు. నేను పేర్లు టైపు చేశాను, వయసులు టైపు చేశాను, టికెట్లు ప్రింటు తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన నాకు దండం పెట్టి, నిశ్చింతగా మెట్లు దిగి వెళ్లిపోయాడు. అక్క దిగడానికి ఇంకా గంట పైనే ఉంది.