మాస్టారికి మిగిలిన ఒక్క మాట

మా ఇంగ్లీషు మాస్టారు పోయారు. ఏలూరు నుంచి ఆయన భార్య ఫోన్ చేసి, "మీ మాస్టారు ఇంక లేరమ్మా" అన్నారు. నాకు ఏడుపు రాలేదు. వంట ముగించుకుని కాలేజీకి వెళ్ళాను.

ఆయన వెన్నలాంటి మనిషని ఇప్పుడందరూ అంటున్నారు. కాదు. నోరు విప్పితే గుచ్చే మనిషి. మాది కొల్లేరు పక్కన ఊరు, ఇంటిల్లిపాదికీ చేపల చెరువుల మీదే పని. చెరువులో వల లాగిన రోజున నేనూ గట్టు మీద చేపలు ఏరి, బడికి ఆలస్యంగా వెళ్ళేదాన్ని. ఎంత రుద్దుకున్నా చేతుల వాసన పోయేది కాదు. మాస్టారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "వచ్చిందర్రా ఫిష్షు!" అనేవారు. క్లాసంతా గొల్లున నవ్వేది. ఆ మాటతో ఒక కొత్త ఇంగ్లీషు వాక్యం చెబితేనే లోపలికి రానిచ్చేవారు. ఒకసారి చెప్పింది మళ్ళీ చెల్లదు.

అలా గుమ్మంలో నిలబడే నేర్చుకున్నాను. అనుమానపడాల్సిన వ్యవహారం ఫిషీ. మనసు కరగని మనిషి కోల్డ్ ఫిష్. పొగడ్తల కోసం పాకులాడడమూ ఫిషింగే. చిన్న చెరువులో పెద్ద చేప అంటే ఎవరండీ అని అడిగితే, "నేనే. ఈ బళ్ళో నన్ను మించినవాడెవడున్నాడు?" అన్నారు. ఓ రోజు ఏడ్చేశాను. "ఆ భాషలో చేపకి మర్యాద లేదమ్మాయ్. ఏడిస్తే నీకూ ఉండదు. ఊఁ, వాక్యం చెప్పు" అన్నారు.

ఇవాళ వట్లూరులో అదే ఇంగ్లీషు చెప్పుకుని బతుకుతున్నాను. కసితో నేర్చుకున్నాను. అయినా నేర్పింది ఆయనే. ఆ సంగతి ఒప్పుకోక తప్పదు.

కిందటేడు ఆయనకి పక్షవాతం వచ్చింది. తెలుగు పోయింది, ఇంగ్లీషు పోయింది, ఫిష్ అన్న ఒక్క మాట మిగిలింది. మంచినీళ్ళకీ అదే, ఫ్యాను వెయ్యమనడానికీ అదే. చూడ్డానికి వెళ్తే నన్ను చూసీ అదే అన్నారు. పిలిచారో, వెక్కిరించారో!

ఆ ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగరు. ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, "చేప అడుగుతున్నారమ్మా. నువ్వు వండి తెస్తావా? కళ్ళు మూసుకుని పెట్టేస్తాను" అన్నారు.

"ఆయన అడగట్లేదండీ. జబ్బు ఆ ఒక్క మాటే మిగిల్చిందండీ" అన్నాను.

"అంతేనంటావా?" అన్నారు.

పదో రోజున కాలవగట్టు మీద పిండం పెట్టారు. కాకులు చెట్టు దిగలేదు. కొడుకు దణ్ణం పెట్టి, "అమ్మని నేను చూసుకుంటాను నాన్నగారూ" అన్నాడు. ఊహూఁ. ఏదో కోరిక మిగిలిపోయిందని చుట్టాలు గొణుక్కున్నారు. ఎండ ముదిరింది. పిండం మీద ఈగలు వాలాయి. ఆవిడ అందరి ముందూ నా దగ్గరికొచ్చి, "చెప్పానా అమ్మా?" అన్నారు.

నేను వంతెన అవతల హోటల్లో వేయించిన చేపముక్క కొనుక్కొచ్చి, పిండానికి దూరంగా, ఎవరూ తిట్టలేనంత దూరంలో ఆకేసి పెట్టాను. వెంటనే ఒక కాకి దిగింది. చేపముక్క పెడితే ఏ కాకైనా దిగుతుంది. కొల్లేటి పిల్లని, నాకు తెలీదా? ఆ మాట ఆవిడతో అనలేకపోయాను. ముక్కని కరుచుకుని కాకి కాలవ దాటిపోతుంటే, ఆవిడ దాని వెనకే చేతులు జోడించి, "తిన్నారమ్మా, తిన్నారు" అన్నారు.