కోయని రాయికి గీసిన బొమ్మ

దెయ్యాలు, సోదె, పూనకాలు అంటే నాకు మొదటినుంచీ చిరాకు. మా నాన్న మిషన్ బడిలో పంతులు. ఇంట్లో ఎవరైనా శకునం మాటెత్తితే ఆయనకంటే ముందు నేనే కసిరేవాణ్ణి. పైగా నా ఉద్యోగం రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో డ్రెస్సరు. పుండ్లు కడిగి కట్లు కట్టేవాడికి దెయ్యాలతో పనేముంది? ఈ సంగతి ఇంకొకరు చెబితే నేనూ నవ్వేవాణ్ణే.

అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు. కొవ్వూరు వైపు రోగులు పడవలో వచ్చేవారు. మూత్రంలో రాయి పడి మెలికలు తిరిగిపోతూ వచ్చేవాళ్లు వాళ్లలో చాలామంది. మా డాక్టరు దొరగారికి ఆ రాళ్ల పిచ్చి. తీసెయ్యడంతో ఆయనకి తృప్తి ఉండేది కాదు, అసలెందుకు పుడుతున్నాయో తేలాలి. బియ్యమా, బావినీళ్లా, ఎండలో దాహం చంపుకోవడమా?

అందుకని ఒక పుస్తకం ఉండేది. రోగి చేరినరోజే ఎడమ పేజీలో పేరు, ఊరు, తిండి, తాగే నీళ్లు రాసేవాణ్ణి. తీసిన రాయిని కంసాలి రంపంతో సగానికి కోసి సాన మీద అరగదీస్తే లోపల ఉల్లిపొరల్లా వలయాలు కనిపిస్తాయి. అవి చూసి కుడి పేజీలో బొమ్మ గీసేవాణ్ణి. కోశాకే గీయాలి. నాకు ముందున్న డ్రెస్సరు కోయకుండానే బొమ్మలు గీసిపారేసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

సత్తెయ్య కొవ్వూరు దగ్గర గోదావరిలో చేపలు పట్టుకునే మనిషి. పాతికేళ్లు కూడా ఉండవు. తల్లి నూకమ్మ తీసుకొచ్చింది. ఒళ్లు కాలిపోతోంది, మూత్రంలో చీము. రాయి ఉందో లేదో తెలియాలంటే కొస వంచిన ఉక్కు కడ్డీని మూత్రాశయంలోకి పంపుతారు. రాయికి తగిలితే టిక్కుమంటుంది. రెండు రోజులు చూశారు, చప్పుడు లేదు.

లోపల ఏదో కుళ్లిందని, తీసుకెళ్లిపొమ్మని దొరగారు నూకమ్మకి చెప్పేశారు. మూత్రం వెనక్కి తన్ని మూత్రపిండాలు పాడవుతున్నాయి, పదిరోజులు బతికితే గొప్ప అని నాతో అన్నారు. ఆమె పడవ మాట్లాడటానికి రేవుకి వెళ్లింది.

నేను అతని పద్దు ముగిద్దామని పుస్తకం తీశాను. పొద్దున తొమ్మిదై ఉంటుంది, బల్ల మీద ఎండ పడుతోంది. కుడి పేజీలో బొమ్మ ఉంది.

మూడు వలయాలు, ఒక పక్క చిన్న పగులు, నట్టనడుమ పక్కపక్కనే రెండు సన్నని గీతలు, గొట్టంలా. సిరా ఆరిపోయి ఉంది. గీత నాదే, కుడివైపు కాస్త లావుగా పడే నా అలవాటుతో సహా. ముందురోజు సాయంత్రం ఆ పేజీ తెల్లగా ఉంది, నేను చూశాను. పుస్తకం పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాను, తాళంచెవి నా మొలలోనే ఉంది. పాత బొమ్మలన్నీ తిరగేశాను. నడుమ గొట్టం ఉన్నది ఒక్కటీ లేదు. 

చింపేద్దామనుకున్నాను. చూపిస్తే నా ఉద్యోగం పోతుంది, చింపితే అతని ప్రాణం పోతుందేమో. తిట్టుకుంటూనే పుస్తకం తీసుకెళ్లి దొరగారి ముందు పెట్టాను.

ఆయన ముఖం కందగడ్డ అయింది. "కోయకుండా గీశావా?"

"గీసినట్టు నాకు తెలియదండి. చెయ్యి మాత్రం నాదేనండి. ఇంకొక్కసారి కడ్డీ పంపి చూడండి."

"రాయి లేకపోతే నువ్వు కూడా ఆ పడవే ఎక్కు" అన్నారు.

ఈసారి సత్తెయ్య నడుం కింద దిండ్లు పెట్టి ఎత్తాం. మూత్రాశయం నిండా గోరువెచ్చని నీళ్లు పంపాం. దొరగారు కడ్డీని వెనక మూలకి తిప్పారు. టిక్. గదిలో ఉన్న అందరం విన్నాం. జిగట పట్టి, వెనక ఒక మడతలో దాక్కుంది ఆ రాయి.

ఆ మధ్యాహ్నమే క్లోరోఫారం ఇచ్చి తీశారు. కోడిగుడ్డంత ఉంది. రంపం నేనే పట్టాను. రాయి రెండుగా విడిపోగానే దొరగారు ఒక ముక్కని బొమ్మ పక్కన పెట్టారు. మూడు వలయాలు, అదే పగులు, నడుమ నల్లబడిన సన్నని కాడ ముక్క, గొట్టంలా. ఆయన బొమ్మనీ రాయినీ మార్చి మార్చి చూశారు. తర్వాత నా భుజం మీద చరిచి పకపకా నవ్వారు.

నూకమ్మకి చూపిస్తే నేల మీద కూలబడిపోయింది.

"నేనే బాబుగారూ. చిన్నప్పుడు ఆడికి మూత్రం బిగదీసుకుపోతే ఆముదం ఆకు కాడ గొట్టంలా లోపలికెట్టి తీసేనండి. కొస లోపలే ఇరిగిపోయింది. బిడ్డ లేచి తిరిగేత్తుంటే ఇంకెవరికీ చెప్పలేదండి."

కొడుకు మూలిగినప్పుడల్లా ఆ మాట గొంతులోనే దిగమింగుకుందామె. దొరగారు కోప్పడలేదు. "నువ్వు చెప్పింది ఎంతోమందికి పనికొస్తుందమ్మా" అన్నారు.

పనికొచ్చింది. దాచి ఉంచిన పాత రాళ్ల ముక్కల్ని అడ్డంగా మళ్లీ కోశాం. నడుమ మట్టి చుక్క అని నేను రాసిపారేసిన రెండింటిలో కాడ పీచు దొరికింది. అన్నిటి పుట్టుకా తేలలేదు గానీ, కొన్నిటిది మాత్రం తేల్చాం. నూకమ్మ చేపల గంప దించిన ప్రతి ఊళ్లోనూ మంత్రసానుల్ని పిలిచి మరీ ఆ కాడ మాన్పించింది. దొరగారు ఉపన్యాసమిచ్చినా అంత పని జరిగేది కాదు.

గాయం పూడాక సత్తెయ్య మొదటిసారి మామూలుగా మూత్రం పోసిన పొద్దున, రేకు పాత్రలో ఆ చప్పుడు వార్డంతా వినిపించింది. మంచాల మీదున్న వాళ్లందరూ నవ్వారు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. నా జన్మలో అంత సంతోషం నేనెరగను.

నిద్రలో గీసి ఉంటావని దొరగారు అనేవారు. అయి ఉండొచ్చు. ఎవరూ చూడని రాయి, తల్లికి తప్ప ఎవరికీ తెలియని కాడ, నా నిద్రకెలా తెలిసింది? 

ఆ తర్వాత కడ్డీకి చప్పుడు రానివాళ్లు వచ్చినప్పుడల్లా నేను రహస్యంగా కుడి పేజీ తెరిచి చూసేవాణ్ణి. ఎప్పుడూ తెల్లగానే ఉండేది. ఆ ఒక్క పేజీయే ఎందుకు నిండిందో ఇప్పటికీ తెలియదు. అయితేనేం, పేజీ ఎంత తెల్లగా ఉన్నా, నడుం కింద దిండు పెట్టి ఇంకోసారి చూడకుండా మేం మళ్లీ ఎవర్నీ పడవ ఎక్కించలేదు.