చీటీలో లేని చోటు

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు మాట. అప్పుడు విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో సీనియర్ టెక్నీషియన్‌ని. నా కింద సుజాత ఒక్కతే. ఫొటో తీయడం మా పని, దాన్ని చదవడం డాక్టర్ల పని. ఆ గీత దాటకూడదని ఉద్యోగంలో చేరిన రోజే చెప్పారు.

ఎక్స్‌రే తీసే ముందు యంత్రం నుంచి మనిషి ఒంటి మీద ఒక వెలుగు చట్రం పడుతుంది. అది ఎంత మేర పడితే ఫొటోలో అంతే వస్తుంది. అక్కర్లేని చోట కిరణాలు తగలకుండా ఆ చట్రాన్ని బిగించాలి. నేను పుస్తకంలో చెప్పినదానికంటే ఎక్కువే బిగించేవాణ్ణి. మధ్యలో కీలు, చుట్టూ నల్లటి అంచు, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఫొటో చూస్తేనే ఎవరు తీశారో తెలిసిపోతుందని డాక్టర్లు అనేవారు. ఆ మాటకు తెగ పొంగిపోయేవాణ్ణి.

కోటయ్య వన్ టౌన్‌లో బస్తాలు మోసే హమాలీ. యాభై దాటాయి. దగ్గరికొస్తే గుప్పున చుట్ట వాసన. ఎముకల డాక్టరు ఇచ్చిన చీటీలో కుడి భుజం అని ఉంది.

"రెండు నెలలైందండీ. భుజం కాణ్ణించి చిటికెన వేలిదాకా జివ్వున లాగేస్తంది. బస్తాకి కొక్కెం వేస్తే చేతిలోంచి జారిపోతంది. ఇట్టాగైతే మేస్త్రీ పన్లోకి రానివ్వడండీ" అన్నాడు.

నేను చట్రం సరిచేస్తుంటే ఎడమ చేతి వేలితో కాలర్ ఎముక పైనున్న గుంటను నొక్కి చూపించాడు. "ఇక్కడండీ, ఈ లోపల. ఇక్కడ కూడా తీయండి."

చీటీలో రాయనిది తీయనని, కదలకుండా నిలబడమని కసిరాను. అతని వేలిని నేనే పక్కకు తీసేశాను.

కీలు కాస్త అరిగినట్టు కనిపించింది. ఏళ్ల తరబడి బస్తాలు మోసిన భుజం అరగక ఏమవుతుందని అందరమూ సరిపెట్టుకున్నాం. మాత్రలు, ఇంజక్షన్లు, ఫిజియోథెరపీ నడిచాయి. రెండు నెలలకు మళ్లీ అదే చీటీతో వచ్చాడు. ఈసారి అరచేతిలో కండ తగ్గింది, కుడి కంటి రెప్ప కొంచెం వాలింది. నొప్పికి నిద్ర ఉండటం లేదేమో అనుకున్నాను. నా మొహం! మళ్లీ అంతే ముచ్చటైన ఫొటో తీసి పంపించాను.

ఇంకో నెలకు అతను మూడోసారి వచ్చినప్పుడు నేను లేను, గన్నవరంలో మా తోడల్లుడి గృహప్రవేశానికి వెళ్లాను. మర్నాడు సుజాత తీసిన ఫొటో కంప్యూటర్లో చూసేసరికి ఒళ్లు మండింది. భుజంతో పాటు మెడ కింది భాగం, ఛాతీ పైభాగం కూడా పడ్డాయి.

"ఏంటమ్మా ఇది? భుజం అడిగితే సగం ఛాతీ తీశావు. ఇన్నాళ్లూ నీకు నేర్పింది ఇదేనా?"

"ఆయన అక్కడే నొప్పని చూపించాడు సార్. డాక్టరు గారికి ఫోన్ చేసి అడిగితే అది కూడా కలిపి తీయమన్నారు" అంది.

అంతలో ఆ డాక్టరే వచ్చి అదే ఫొటో ముందు నిలబడ్డారు. ఊపిరితిత్తి కొసన తెల్లటి మచ్చ ఉంది. తర్వాత తీసిన స్కాన్‌లో అది క్యాన్సర్ గడ్డని తేలింది. చేతికి వెళ్లే నరాలను నొక్కేస్తోంది. రెప్ప వాలడానికీ అదే కారణమట. కొన్ని నెలల ముందు వచ్చి ఉంటే ఆపరేషన్‌కు వీలుండేదేమోనని పెద్దాసుపత్రి వాళ్లు అన్నారు. నేను తీసిన రెండు ఫొటోలూ తెరిచి చూసుకున్నాను. మచ్చ ఉండాల్సిన చోట నా నల్లటి అంచు ఉంది.

స్కాన్ కాగితాల కోసం వచ్చిన కోటయ్య నన్ను చూసి నవ్వాడు. "ఆ అమ్మాయి తీసిన ఫొటో బాగా వచ్చిందంట గదండీ! జబ్బేంటో దొరికింది, ఇంక తగ్గిపోద్ది."

నువ్వు ఆ రోజే చూపించావు, నేనే తీయలేదు అని చెప్పాల్సింది. బాగానే వచ్చిందని మాత్రం అన్నాను. ఆ ఏడు దాటకుండానే అతను పోయాడు. చెప్పాల్సింది చెప్పకపోవడం నేను చేసిన రెండో తప్పు.

మిగిలిన సర్వీసంతా, వచ్చినవాళ్లను నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించమని ముందే అడిగాను. చీటీలో ఒకటుండి వేలు ఇంకోచోట ఉంటే డాక్టరుకు ఫోన్ చేశాను. అలా ఫోన్ చేసి అడిగితే టెక్నీషియన్ దాటకూడని గీత దాటినట్టు కాదు. కోటయ్య నా దగ్గరికి వచ్చిన రెండుసార్లూ ఆ ఫోన్ నా బల్ల మీదే ఉంది.