ఎల్లుండికి ఒక కీపర్

మా కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో వచ్చే ఏడు ఎవరుంటారో, ఎవరుండరో నాకు ముందుగా చెప్పేవి గొడుగులు. రెండేళ్ళుగా ఎండనీ దుమ్మునీ లెక్కచేయకుండా ఆడిన పిల్ల ఒకరోజు ఉన్నట్టుండి గొడుగు వేసుకుని గ్రౌండుకు వస్తుంది. ఏమిటని అడిగితే, నల్లబడతావని అమ్మ ఇచ్చి పంపింది అంటుంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని నాకు అప్పుడే అర్థమైపోతుంది. ఇంకో పిల్ల సంచిలోంచి నీళ్ళ సీసా తీస్తుంటే మా ఊరి స్టేషను మారికుప్పం నుంచి బెంగళూరుకు నెలవారీ రైలు టికెట్టు జారి కిందపడుతుంది. తెల్లవారుజామున బండెక్కి చీకటి పడ్డాక దిగే పిల్ల ఇక ఏం ఆడుతుంది? పెళ్ళి కుదిరినా, ఉద్యోగం వచ్చినా నేను సంతోషపడాల్సిందే, పడతాను కూడా. కానీ అక్షింతలు వేస్తూనే ఈ పిల్ల చోటు ఎవరితో నింపాలా అని ఆలోచిస్తుంటాను. నా బుద్ధి అలాంటిది.

నేను ఈ కోలారు బంగారు గనుల ఊళ్ళో పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడి డిగ్రీ కాలేజీలోనే ఫిజికల్ డైరెక్టరుగా చేరాను. మా తాత చిత్తూరు పక్క పల్లె నుంచి గనికి వచ్చాడు. నాన్న గని లోపల నీళ్ళు తోడే పంపుల దగ్గర పనిచేశాడు. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. తన షిఫ్టు అయిపోయినా సరే, తర్వాతి మనిషి వచ్చి పక్కన నిలబడేదాకా పంపు వదిలి కదలకూడదు. ఆ తర్వాతి మనిషిని రిలీవర్ అనేవారు. పండగనాడు నాన్న ఆలస్యంగా వస్తే అమ్మ మూతి ముడుచుకునేది. "రిలీవర్ రాకుండా యాడికి వచ్చేది?" అని ఆయన కాళ్ళు కడుక్కోవడానికి పోయేవాడు. తర్వాత గనులు మూసేశారు, పంపులు ఆగిపోయాయి, లోపలంతా నీళ్ళు నిండిపోయాయి. ఉద్యోగం పోయినందుకంటే ఆ నీళ్ళ గురించే నాన్న ఎక్కువ బాధపడ్డాడు. మనిషి వెళ్ళిపోవడంలో తప్పులేదు, తర్వాతి మనిషి లేకపోవడమే తప్పు అన్నది నాకు ఆయన దగ్గరే ఒంటబట్టింది.

అది ఒంటబట్టినా, పనిలో పెట్టడానికి నాకు ఒక చావుదెబ్బ కావలసి వచ్చింది. ఒక ఏడు మా వెనక వరుసలో ఆడే నలుగురూ ఒకే బ్యాచి. ముగ్గురు చదువు ముగించి పోయారు, నాలుగో పిల్ల గొడుగు పట్టింది. ఆ ఏడు మా మీద ఎన్ని గోల్స్ పడ్డాయో ఇప్పుడు కూడా చెప్పను. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే ఎట్లా అని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. అప్పటినుంచి జూన్‌లో అడ్మిషన్లు మొదలైతే నేను ఈ ఏటి జట్టును చూడను, ఎల్లేటి జట్టును, అంటే వచ్చే ఏడు కాక ఆపై ఏటి జట్టును చూస్తాను. స్టాఫ్ రూములో నాకు 'ఎల్లుండి మేడమ్' అని పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకున్నాను.

మా కాలేజీలో స్పోర్ట్స్ కోటా కింద ఫీజు లేని సీటు ఏటా ఒక్కటే. ఆ ఏడు ఆ సీటు ఎవరికివ్వాలో అందరూ ముందే తేల్చేశారు. ములబాగిలు పక్క బైరకూరులో ఒక ఫార్వర్డు ఉంది, లేడిపిల్లలా పరిగెత్తుతుంది, ఆ పిల్లను తెండి అన్నారు ప్రిన్సిపాల్ సార్. మే నెలలో నేను బైరకూరు పోయి చూశాను. నిజంగానే గొప్ప పిల్ల. కానీ నాకు ముందు వరుసకు అప్పటికే ముగ్గురు కుదిరారు, ముగ్గురూ ఆ జూన్‌లో మొదటేట్లో చేరేవాళ్ళే. చూసి, కాఫీ తాగి, బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. బస్సు రాలేదు. పక్క తోపులో మామిడికాయలు కోస్తున్నారు.

దోటి అందని కొమ్మల్లో ఒకాయన కూర్చుని కాయ తెంపి కిందికి వేస్తున్నాడు. కింద ఒక పొడుగాటి పిల్ల నిలబడి పట్టుకుంటోంది. దెబ్బ తగిలిన కాయను మండీలో ఎవరూ ముట్టరు. అందుకని ఆ పిల్ల కాయకు ఎదురుపోకుండా, చేతులతో పాటు ఒళ్ళంతా కాస్త వెనక్కి తీసుకుని కడుపు దగ్గరికి చేర్చుకుంటోంది. ఎండ కళ్ళల్లో పడుతున్నా రెప్ప వేయడం లేదు. ఆకుల మధ్య నుంచి కాయ ఎటు వస్తుందో ముందుగా తెలిసినట్టు అడుగు అటే పడుతోంది. బస్సు వచ్చింది, పోయింది. నేను తోపులోకి పోయాను.

వాళ్ళమ్మ గంపల దగ్గర కాయలు ఏరుతోంది. ఆ పిల్ల అప్పుడే పీయూసీ, అంటే మన ఇంటరు, పాసయిందని, ఫుట్‌బాల్ బడిలో కాస్త ఆడిందని చెప్పింది. గోలు కాయడానికి ఫీజు లేని సీటు ఇస్తానని నేను చెప్పాను. ఆమె చేతిలో కాయ గంపలో పెట్టి, ఇప్పుడు మీకు గోలు కాసే పిల్ల లేదా అని అడిగింది. నాకు అబద్ధం చేతకాదు. ఉందని, జిల్లాలోనే మంచి కీపరని, ఇప్పుడు రెండో ఏడుకు వచ్చిందని, ఆమె పోయేదాకా మీ బిడ్డ పక్కన కూర్చుని నేర్చుకోవాలని చెప్పాను.

"కూర్చోబెట్టేదానికి అంత దూరం తీసకపోవల్లనా అమ్మా?" అంది ఆమె. "మా ఇంటి ముందర అరుగు లేదా?"

నాకు నవ్వొచ్చింది, రోషమూ వచ్చింది. "రెండేండ్లేనక్కా. మూడో ఏడు గోలు కాడ నిలబడేది మీ బిడ్డే. నేను మాట ఇస్తా ఉండాను," అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, బిడ్డ వైపు చూసి, సరే పోనీ అంది.

కాలేజీలో నా మీద విరుచుకుపడ్డారు. చక్కగా ఉన్న చోటికి ఇంకొకరిని తెచ్చావు, లేని రోగానికి మందు తాగిస్తున్నావు అన్నారు. బైరకూరు ఫార్వర్డును కోలారు టౌనులోని ఒక కాలేజీ వాళ్ళు ఎగరేసుకుపోయారు. ఆ పిల్ల వచ్చిన ఏడే మా మీద గోలు కొట్టింది, మరుసటి ఏడూ కొట్టింది. రెండుసార్లూ ప్రిన్సిపాల్ సార్ నా వైపు చూసిన చూపుకు నేను వెంటనే షూ లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాను.

నాకంటే ఎక్కువ మాటలు పడింది తోపులోని ఆ తల్లే. ఇద్దరు పిల్లలూ ఒకే ఊరివాళ్ళు కదా. ఒకామె ఫోటో పేపర్లో వస్తుంది, ఇంకొకామె ట్రాక్ సూట్ వేసుకుని పోయి అట్లాగే మాసిపోకుండా తిరిగొస్తుంది. ప్రతి టోర్నమెంటు తర్వాత ఆ తల్లి ఫోన్ చేసి, ఈసారన్నా ఆడిందా అని అడిగేది. లేదక్కా అనేదాన్ని. "ఊర్లో అడగతారు కదమ్మా," అని పెట్టేసేది. ఆ మాటలో కోపం ఉంటే బాగుండేది. కోపం లేకపోవడం నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

పిల్ల మాత్రం ఒక్కరోజు కూడా మొహం వేలాడేయలేదు. సాయంత్రం అందరూ పోయాక పెద్ద కీపరు ఆ పిల్లను గోలు ముందు నిలబెట్టి తన్నుతూనే ఉండేది. తన చోటికి రాబోయే పిల్లకు అన్నీ నేర్పుతున్నావే, భయం లేదా అని ఒకసారి అడిగాను. నేను ఎట్లా అయినా పోయేదాన్నే కదా మేడమ్ అని నవ్వింది.

కానీ ఆమె పోలేదు. డిగ్రీ ముగించి, మా పిల్ల మూడో ఏడుకు వచ్చిన జూన్‌లో మా కాలేజీలోనే ఎం.కామ్.లో చేరింది. ఇంకో రెండేళ్ళు జట్టులో ఆడవచ్చు. స్టాఫ్ రూములో స్వీట్లు పంచారు. మేడమ్ అదృష్టం పండింది, జిల్లాలోని మంచి కీపరు ఇంట్లోనే ఉంది అన్నారు. నేను స్వీటు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అందరూ పోతారని లెక్క వేసి వేసి, ఒకరు ఉండిపోతారని నేను ఎన్నడూ అనుకోలేదు. రిలీవర్ వచ్చి పక్కన నిలబడి ఉంది, పంపు దగ్గర మనిషి దిగను అంటే ఏం చేయాలో మా నాన్న చెప్పలేదు. బైరకూరు నుంచి ఫోన్ వచ్చింది. ఈ ఏడు మూడో ఏడు కదమ్మా అని మాత్రమే అంది ఆ తల్లి. అవునక్కా అన్నాను. 

ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే జట్టుకు అన్యాయం, జట్టును చూసుకుంటే ఆ పిల్లకు అన్యాయం. ఇట్లా నేను తల బద్దలు కొట్టుకుంటుంటే, టోర్నమెంటు దగ్గరపడే వేళకు కొత్త బాంబు పేలింది. గోలు ముందు గోడలా నిలబడే మా స్టాపర్ సంచిలోంచి రైలు టికెట్టు జారింది. బెంగళూరులో ఉద్యోగమట, సోమవారం నుంచే పోవాలట. చెప్పడానికి భయపడి దాచిందట. నేను గ్రౌండు మధ్యలో నిలబడి గట్టిగా అరిచాను. తర్వాత ఆ పిల్ల ఏడుస్తుంటే నేనే కళ్ళు తుడిచి, మంచి ఉద్యోగమేనా, తిండి జాగ్రత్త అని చెప్పి పంపాను. ఎల్లుండిని చూసే మేడమ్‌కు రేపటి గుంత కనబడలేదు.

మర్నాడు సాయంత్రం పెద్ద కీపరు వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. చేతి గ్లవ్స్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మేడమ్, నన్ను స్టాపర్‌గా ఆడించండి," అంది. "మూడేండ్లు ఆ చోటును వెనకాలనుంచి చూస్తానే ఉండాను. యాడ నిలబడల్లో, యాడ తప్పు చేస్తారో నాకు తెలుసు."

గోలు ఎవరు కాస్తారు అని అడిగాను, తెలిసి కూడా.

"ఆ పిల్లే. దాని చేతులు నా చేతులకంటే మంచివి మేడమ్. నాకు చెప్పల్లని ఉన్నా, ఇంతవరకు చెప్పలేదు." గ్లవ్స్ నా చేతిలో పెట్టి లేచిపోయింది.

 ఇంత పెద్ద మనసు నాకు ఆ వయసులో లేదు, ఇప్పుడూ ఉందో లేదో. ప్రిన్సిపాల్ సార్‌కు చెబితే కుర్చీలోంచి లేచారు. జిల్లాలోని మంచి కీపరును తీసి డిఫెన్సులో పెడతారా, ఇది బెడిసికొడితే వచ్చే ఏటి సీటు సంగతి మీరు మర్చిపోండి, కమిటీ చూసుకుంటుంది అన్నారు. సరే సార్ అన్నాను. తలుపు కాస్త గట్టిగానే వేసి వచ్చాను.

ఫైనలు మా గ్రౌండులోనే, చలికాలం ఉదయం. ఎదుటి జట్టు కోలారు కాలేజీ, ముందు వరుసలో ఆ బైరకూరు ఫార్వర్డు. బైరకూరు నుంచి ఒక టెంపో నిండా జనం వచ్చారు. ఎవరి వైపు అరవాలో వాళ్ళకే తెలియదు. ఆ తల్లి ఉడకబెట్టిన అనపకాయల సంచి పట్టుకుని గోలు వెనకాల నిలబడింది. పక్కన కుర్చీ వేయించాను. వద్దు, బిడ్డ నిలబడి ఉండాది కదా, నేనూ నిలబడతాను అంది.

మొదటి సగమంతా వాళ్ళదే ఆట. అయినా మా కొత్త స్టాపరు ఎక్కడ చూసినా తానే ఉంది. మూడేళ్ళు వెనకనుంచి అరిచి చెప్పిన మాటలన్నీ ఇప్పుడు తన కాళ్ళతో చేసి చూపించింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండానే మాట్లాడుకుంటున్నారు. నాకు కాస్త ఊపిరి ఆడింది.

ఆట ముగిసే వేళకు ఆ ఫార్వర్డు ఇద్దరిని దాటుకుని ఒంటరిగా వచ్చేసింది. అడ్డం పోయిన మా స్టాపరు, ఆ పెద్దపిల్ల, జారిపడింది. ఇక గోలు ముందు బైరకూరు పిల్లలు ఇద్దరే మిగిలారు. ఆ దూరం నుంచి ఆ పిల్ల తన్నితే మామూలు కీపర్లు పిడికిలి బిగించి గుద్దుతారు, అది కూడా తగిలితే. మా పిల్ల గుద్దలేదు. ఒక అడుగు పక్కకు వేసి, చేతులతో పాటు ఒళ్ళంతా వెనక్కి తీసుకుని, బంతిని కడుపులోకి చేర్చుకుంది. చప్పుడు కూడా రాలేదు. కాయకు దెబ్బ తగలలేదని నాకు ఇక్కడినుంచే తెలిసింది.

లేస్తూనే బంతిని పెద్దపిల్లకు విసిరింది. ఆమె మట్టి దులుపుకోకుండానే ముందుకు తన్నింది. వాళ్ళంతా మా వైపే వచ్చి ఉన్నారు, అటు వెనకాల ఎవరూ లేరు. నేను మూడేళ్ళ క్రితం ముగ్గురున్నారు చాలు అన్న ఫార్వర్డుల్లో ఒకతి దాన్ని అందుకుని గోల్లో వేసింది. గ్రౌండంతా లేచింది. ప్రిన్సిపాల్ సార్ తన శాలువా తీసి గాల్లో తిప్పారు. నేను ఏం చేశానో నాకు గుర్తులేదు. ఏడుస్తూ ఎగిరానని పిల్లలు చెప్తారు. నమ్ముతాను.

కప్పు పట్టుకుని ఫోటోలు అయ్యాక, ఓడిపోయిన ఫార్వర్డు వచ్చి మా కీపరు భుజం మీద చెయ్యి వేసి ఊరి టెంపో వైపు నడిపించుకుపోయింది. ఆ తల్లి నా దగ్గరికి వచ్చి అనపకాయల సంచి నా చేతిలో పెట్టింది. మాట నిలబెట్టుకున్నావమ్మా అంటుందనుకుని నేను గొంతు సవరించుకున్నాను.

"మా బిడ్డకు ఈ ఏడుతో చదువు అయిపోతాది కదమ్మా. ఇంగ ఎవరిని చూసి పెట్టినావు?" అంది.

 ఆ ఏడు దిగుల్లో నేను ఎవరినీ చూసి పెట్టలేదు. పెద్ద పిల్ల ఇంకో ఏడు ఉంటుందక్కా అని నసిగాను.

"ఉంటే ఉండనీ. బేతమంగళలో మా తమ్ముని కూతురు ఉండాది, జూన్‌లో డిగ్రీకి వస్తాది. దాని చేతులూ ఇట్లే ఉంటాయి. తీసకపో."

ఆ పిల్ల ఒక ఏడు కూర్చోవాల్సి వస్తుందక్కా అన్నాను.

"కూర్చోనీలేమ్మా," అంది ఆమె. "అరుగు మీద కూర్చునేదానికంటే మీ బెంచీ మేలు."