నా కూతురు నా కోసం చేసిన ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు! నేను కాటన్‌పేట సువర్ణను. మైకు చూసి భయపడే మనిషిని కానని మీకు తెలుసు, కానీ ఈ రోజు ముందుకు రావడానికి వెనకాడాను, ఎందుకంటే నేను చెప్పబోయేది నా విశ్వాసం గురించి కాదు, విశ్వాసం పేరుతో నేను చేసిన మూర్ఖత్వం గురించి.

మా ఒక్కగానొక్క కూతురు కెజియా డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన బిడ్డ. దాని చిన్నతనం నుంచి నేను దేవుణ్ణి రహస్యంగా ఒక్కటే అడిగేదాన్ని. "ప్రభువా, నాకంటే ఒక్కరోజు ముందు దీన్ని తీసుకెళ్ళిపో. నేను పోయాక దీన్నెవరు చూస్తారు?" కన్నతల్లి చేయదగిన ప్రార్థనేనా అది? అయినా చేశాను, అన్నం వండుతూ చేశాను, బట్టలు ఆరేస్తూ చేశాను, బిడ్డకు జడ వేస్తూ కూడా చేశాను!

ప్రత్యేక పాఠశాలలో దాని చదువు ముగిసినప్పుడు శైలజా టీచర్ నన్ను పిలిచి ఒక ఫారం చేతిలో పెట్టింది. వైకల్యం సర్టిఫికెట్ కొత్తగా తీసుకోవాలి, దానితో ఉద్యోగ శిక్షణలో చేర్చుకుంటాం, పని, బస్సు ప్రయాణం, నలుగురిలో మసలుకోవడం అన్నీ నేర్పిస్తాం అంది. నేను ఒంటికాలి మీద లేచాను! ఒకపక్క స్వస్థత కోసం ప్రార్థిస్తూ, ఇంకోపక్క నా బిడ్డకు వైకల్యం ఉందని నా చేత్తోనే సంతకం పెడితే అది అవిశ్వాసం కాదా, సాతానుకు కాగితం రాసివ్వడం కాదా అని నా వాదన. ఇంటికొచ్చి ఆ ఫారానికి ప్రార్థన నూనె రాసి బైబిల్లో పెట్టాను. నూనె మరకకు అందులో అక్షరాలు కూడా పోయాయి.

రెండేళ్ళు బిడ్డను ఇంట్లోనే ఉంచేశాను. స్వస్థత కూటం ఎక్కడ జరిగినా, ఊరవతల చందాపుర దాకా కూడా, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేదాన్ని. ఎవరెవరో తలమీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థిస్తుంటే అది నా కొంగు పట్టుకుని కళ్ళు మూసుకునేది. బడిలో నేర్చుకున్నవి ఒక్కొక్కటే మరిచిపోయింది. తన జడ తానే వేసుకునే పిల్ల, దువ్వెన నా చేతికిచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది, నాకేమో అది ముద్దుగా అనిపించింది. ఎంత గుడ్డిదాన్నో చూడండి!

ఒక ఉదయం కుటుంబ ప్రార్థనలో మా ఆయన ప్రార్థించారు, నేను ప్రార్థించాను. కెజియా ఎప్పుడూ చివర్లో "ఆమెన్" మాత్రమే అనేది. ఆ రోజు మోకాళ్ళ మీదే ఉండి, ఒక్కొక్క మాటా కూడగట్టుకుని ఇలా అంది: "యేసయ్యా, మాయమ్మకి బాగలేదు. మాయమ్మకి శానా భయం ఉండాది. మాయమ్మని బాగు చెయ్యప్పా. నేను బడికి పోవాల."

సహోదరులారా, ఊరంతా దాని తలమీద చేతులుంచి ప్రార్థించింది గానీ, ఆ ఇంట్లో రోగి నేనని దానికొక్కదానికే తెలిసింది! నేను చాపమీద బోర్లాపడి ఏడ్చాను. ఆ రోజే టీచర్ దగ్గరికి వెళ్ళి నూనె మరకల ఫారం చూపించాను. ఆమె నవ్వలేదు, కొత్తది తీసిచ్చి, "ఈ కాగితం మీ దేవునికి అడ్డం రాదులేమ్మా, బిడ్డకు దారి అయితాది" అంది. ఆమె విశ్వాసి కాదు, అయినా ఆ మాట దేవుడే ఆమె నోట పలికించాడు.

కెజియాకు ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని నేర్పించారు. బస్సు ప్రయాణం నేర్పడం అన్నిటికంటే కష్టమైంది. మొదటి వారం టీచర్ పక్క సీట్లో కూర్చుంది, తర్వాత వెనక సీట్లో, ఆ తర్వాత తలుపు దగ్గర, చివరికి దాన్ని ఎక్కించి తాను ఆగిపోయింది. అలా ఒంటరిగా వచ్చిన మొదటి సాయంత్రం మా స్టాప్‌లో బస్సు ఆగింది, అందరూ దిగారు, నా కూతురు దిగలేదు! నా పైప్రాణాలు పైనే పోయాయి. రోడ్డుమీద నిలబడి, "ప్రభువా, నా బిడ్డను తీసుకోవద్దు, దానికింకా ఎంతో బతుకు ఉంది, నేను లేకపోయినా అది బతకాలి" అని అరిచాను. ఇన్నేళ్ళు అడిగినదానికి సరిగ్గా ఎదురు మాట నా నోటినుంచే వచ్చింది.

కాసేపటికి ఎదురువైపు బస్సులోంచి దిగింది. స్టాప్ దాటిపోయిందని తెలుసుకుని, కండక్టర్‌కు ఈ ఊరి కన్నడలో చెప్పి, తిరుగు బస్సు ఎక్కిందట. నా కళ్ళు తుడుస్తూ, "ఏడ్చొద్దుమ్మా, నేనొచ్చినా గదా" అంది. దేవునికే మహిమ!

నేను అబద్ధ సాక్ష్యం చెప్పను. దాని డౌన్ సిండ్రోమ్ పోలేదు. నా భయాన్నే దేవుడు తీసేశాడు, అదీ ఒక్కసారిగా కాదు, మెల్లమెల్లగా. అది ఇప్పుడు అదే లాండ్రీలో ఉద్యోగం చేస్తోంది, పక్కన పనిచేసే అమ్మాయితో స్నేహం కట్టింది, నేను టిఫిన్ డబ్బాలో ఏం పెట్టాలో నాకే ఆజ్ఞలు వేస్తోంది! మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి బిడ్డ ఉంటే, ప్రార్థన మానకండి, బడి మాన్పించకండి. సంతకం పెట్టడానికి భయపడకండి. మన బిడ్డలు మనకంటే ముందు ఆయన బిడ్డలు, ఆయన్ను నమ్మి కాస్త చెయ్యి వదలండి. ఇంతవరకు మమ్మల్ని నడిపించిన నా తండ్రికి కృతజ్ఞతలు, ప్రార్థించిన మీ అందరికీ వందనాలు.

కెజియాకు ఈ ఆదివారం పొద్దున డ్యూటీ పడింది, అందుకే ఆరాధనకు రాలేదు. ప్రేమవిందు వేళకు వస్తుంది, దానికో విస్తరి ఉంచండి. దయచేసి బస్ స్టాప్‌కు ఎవరూ ఎదురు వెళ్ళొద్దు. తనే వస్తుంది.