మండీ మామకు వెనక చక్రాల కారు

ఆ కాలంలో మా మదనపల్లెలో బెంగళూరు బస్సు దిగినవాడు ఏం చెప్పినా చెల్లిపోయేది. అక్కడ ఏదో ఆఫీసు గేటు దగ్గర కాపలా ఉండి వచ్చినవాడు షేర్ మార్కెట్ గురించి మాట్లాడితే పెద్దమనుషులు తలలూపేవారు. ఆసుపత్రి క్యాంటీన్లో దోసెలు పోసి వచ్చినవాణ్ణి గుండెనొప్పికి ఏ మాత్ర మంచిదని అడిగేవారు. నేను రెండేళ్లు అక్కడొక పెద్ద కార్ల షెడ్డులో పనిచేసి వచ్చాను. చేసిన పని కార్లు కడగడం. కడిగిన కారును నీళ్ల గొట్టం దగ్గర్నుంచి నీడలోకి తీసుకెళ్లి నిలిపే భాగ్యం మాత్రం నాదే. దూరం సుమారు ముప్పై అడుగులు. ఊరికొచ్చాక ఆ ముప్పై అడుగులకే "స్పోర్ట్స్ కార్ల టెస్ట్ డ్రైవింగ్" అని పేరు పెట్టాను. (అబద్ధమని మీరంటారు. నేను మాత్రం నిజాన్ని కొంచెం నానబెట్టాను, అది ఉబ్బింది అంటాను.)

మా మేనమామకు టమోటాలు టోకున వేలం వేసే మండీ ఉండేది. ఊళ్లో పిల్లా పెద్దా అందరికీ ఆయన మండీ మామే. ఆ ఏడు టమోటా ధర ఎవరూ ఊహించనంత ఎత్తుకు ఎగబాకింది. దాంతో మామకు ఎప్పటినుంచో లోపల అణిచిపెట్టుకున్న కోరిక ఒకటి లేచి కూర్చుంది. నేలకు ఆనుకొని, గుర్రుమంటూ పోయే స్పోర్ట్స్ కారు కావాలట! అత్త మొత్తుకుంది, "అందులోకి దిగాలంటే బావిలోకి దిగినట్టు దిగాల, బయటికి రావాలంటే ఇద్దురు పైకి లాగాల, ఎవురికప్పా అది?" అని. మామ వినలేదు. నన్ను పిలిచాడు.

"ఒరే అబ్బోడా, నువ్వు టెస్టింగు జేసి వచ్చినోడివి గదా. ఏ కారు కొనాల్నో నువ్వే సెప్పు. నువ్వు సెప్పింది నాకు నచ్చితే, పుంగనూరు రోడ్డులో ఉండే రేకుల షెడ్డు తాళం నీ సేతిలో పెడతా. నచ్చకపోతే రేపట్నించి నా పక్కన కూసోని వేలం పాడు."

ఆ రేకుల షెడ్డులో సొంత మెకానిక్ షాపు పెట్టుకోవాలని నేను ఆరు నెలలుగా మామ చుట్టూ తిరుగుతున్నాను. వేలం పాడటమంటే నాకు ప్రాణసంకటం. తెల్లవారుజామునుంచి గొంతు చించుకోవాలి, నా గొంతేమో పెళ్లిచూపుల్లో పిల్ల గొంతులా ఉండేది. అంటే ఒక్క కారు మీద నా బతుకంతా ఆనింది.

బెంగళూరు బ్రోకరు ఒకడు రెండు కార్లున్నాయన్నాడు. ఒకటి ఎర్రది, ఇంజను బలమంతా వెనక చక్రాలకే పోతుంది. ఇంకొకటి నీలిది, బలం నాలుగు చక్రాలకూ పంచుతుంది. ధర ఇంచుమించు ఒకటే, అందం ఒకటే, గుర్రుమనడమూ ఒకటే. ఏది మేలు? నాకేం తెలుసు! నేను కడిగిన కార్లన్నిటికీ నాలుగు చక్రాలూ ఒకేలా మురికిగా ఉండేవి.

తెలిసినవాడు ఒకడున్నాడు. మామ కూతుర్ని చేసుకున్న కుప్పం అల్లుడు. (వరసకు నాకు అన్న అవుతాడు. ఆయన రాకముందు ఆ మరదలికి నేనేమవుతానని ఊరనుకునేదో ఇక్కడ అప్రస్తుతం.) రోజూ కుప్పంలో రైలెక్కి బెంగళూరులో ఉద్యోగానికి పోయి వచ్చేవాడు, రైల్లో కూర్చున్నంతసేపూ కార్ల గురించి చదివేవాడు. ఆయన ఫోన్లోనే తీర్పు చెప్పేశాడు: "నాలుగు చక్రాలదే మామా. వానొచ్చినా, బురదొచ్చినా పట్టు తప్పదు. వెనక చక్రాలది మన రోడ్లకు పనికిరాదు." మామ ఫోను పెట్టేసి నావైపు చూశాడు. అన్న చెప్పిందే నేనూ చెబితే ఆ తెలివి అన్నది అవుతుంది, షెడ్డు నాకు దక్కకుండా పోతుంది. అందుకని "వెనక చక్రాలదే మామా" అన్నాను. "యాల?" అన్నాడు మామ. "రేపు సెప్తా" అన్నాను.

రేపటిలోగా కారణం కావాలి. పుంగనూరులో మా అవ్వ తమ్ముడు ఉండేవాడు, పశువుల సంతలో బేరాలు కుదిర్చే సంత తాత. టవలు కింద చెయ్యి పెట్టి వేళ్లు పట్టుకొని ధర తేల్చే మనిషి, ఎద్దు నడక చూసి దాని తాత గుణం చెప్పేవాడు. ఆయన దగ్గరికి పోయి, కారని చెబితే కసురుకుంటాడని, ఎద్దుల మాటగానే ఎత్తాను. "తాతా, ఎద్దు బండి లాగేటప్పుడు బలం ముందు కాళ్లలో ఉంటాదా, ఎనక కాళ్లలోనా?"

తాత నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఇంత వయసొచ్చె, ఇదీ తెల్దా నీకు? తోసేది ఎనక కాళ్లురా. ముందు కాళ్లు దావ సూసుకుంటాయి. అన్ని కాళ్లూ తోసే పనిలోనే ఉంటే మలుపు తిప్పేది ఎవురు, మీ నాయనా?"

ఆ ముక్క పట్టుకొని మదనపల్లెకు వచ్చి, దానికి బెంగళూరు బట్టలు తొడిగి మామకు వినిపించాను. "మామా, వెనక చక్రాలు తోస్తాయి, ముందు చక్రాలు స్టీరింగు ఒక్కటే సూసుకుంటాయి. పని పంచుకుంటాయన్నమాట. ముందువాటికే రెండు పనులూ అప్పజెప్తే మలుపులో మొద్దుబారతాయి." మామ సంబరపడ్డాడు గానీ, రెండూ నడిపి చూపించమన్నాడు. (చాలా ఏళ్ల తర్వాత ఒక ఇంజనీరు నోట అచ్చంగా ఇదే మాట విన్నాను. సంత తాత అప్పటికి లేడు. ఉంటే ఆ ఇంజనీరు పళ్లు చూసి వయసు చెప్పేవాడు.)

బ్రోకరు రెండు కార్లూ మండీకే తెప్పించాడు. వేలం ముగిసిన వేళ, సన్నగా వాన. టమోటా కాలంలో మండీ నేల సంగతి చూసినవాళ్లకే తెలుస్తుంది. నలిగిన కాయలు, తొక్కలు, రసం, దానిమీద వాన. హమాలీలు సైతం కాలి వేళ్లు నేలలో గుచ్చుకుంటూ నడుస్తారు. కుప్పం అన్న సెలవు పెట్టుకొని మరీ వచ్చి నీలి కారెక్కాడు. ఆ గుజ్జు మీద కారు పెరుగన్నంలో గరిటె దిగినట్టు మెత్తగా సాగి గేటు దాటింది. హమాలీలు ఈలలేశారు. "సూసినావా అబ్బోడా?" అన్నాడు మామ. ఆ గొంతులో నాకు వేలం పాట వినిపించింది.

నేను ఎర్ర కారెక్కాను. అద్దాలు మసకబారి ఉన్నాయి. వాటిని తుడిచే మీట అనుకొని, కారు బొమ్మ కింద పాముల్లాంటి గీతలున్న బటన్ ఒకటి నొక్కాను. చక్రాలు జారకుండా కాపాడే ఏర్పాటును ఆపేసే బటన్ అదేనని తర్వాత తెలిసింది. బ్రోకరు కిటికీ మీద కొడుతూ "బేడ సార్, బేడ!" అని కన్నడంలో అరిచాడు. వద్దంటున్నాడని అర్థమయ్యేలోపు నా కాలు యాక్సిలరేటరు మీద పడింది. వెనక చక్రాలు టమోటా గుజ్జును మూడంతస్తుల ఎత్తుకు (సరే, ఒక అంతస్తు) చిమ్మాయి. తోక కుడివైపుకు లేచిపోయింది. లారీలు, క్రేట్లు, హమాలీలు, దండం పెడుతున్న బ్రోకరు, అందరూ నా కళ్ల ముందు రంగులరాట్నంలా తిరిగారు. నేను చేసిందల్లా స్టీరింగు పట్టుకొని మా ఇంటి దేవుడి పేరు సగం పలకడం. కళ్లు తెరిచేసరికి కారు రెండు లారీల మధ్య, ఎవరో కొలిచి పెట్టినట్టు, ముక్కు గేటువైపు తిప్పుకొని నిలబడి ఉంది.

మండీలో లేచిన కేకలకు పక్క వీధి కుక్కలు పారిపోయాయి. నేను కారు దిగి, చేతులు జేబుల్లో పెట్టుకొని, "బెంగళూరులో ఇట్లనే తిప్పేది" అన్నాను.

"మామా, వీడు తిప్పలా. అది జారింది!" అన్నాడు అన్న, గేటు దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి.

"జారుంటే గోడకు తగలాల గదప్పా," అన్నాడు మామ. "తగల్లేదే!"

అయినా మామ వ్యాపారి. కంటితో చూసినంత మాత్రాన సరుకు కొనడు. రెండు కార్లూ కుప్పం దాకా పోవాలి, అన్న ఇంట్లో భోంచేయాలి, తిరిగి రావాలి. పోయేటప్పుడు నీలి దాంట్లో, వచ్చేటప్పుడు ఎర్ర దాంట్లో తాను కూర్చుంటానన్నాడు. నా ముఖం చూసి హమాలీల మేస్త్రీ దగ్గరికొచ్చి చెవిలో, "భయపడొద్దప్పా, ఎనక బరువుంటే తోక నిలుస్తాది. ఖాళీ టెంపోలకు మేం ఎప్పుడూ ఏసేదే," అని రెండు క్రేట్ల కాయలు డిక్కీలో ఇరికించాడు. ఆ మనిషి ఏ కాలేజీకీ పోలేదు.

పోయేటప్పుడు నా పక్కన బ్రోకరు కూర్చున్నాడు. కుప్పం చేరేదాకా కళ్లు తెరవలేదు. ముందు నీలి కారు పలమనేరు దాటి అడవి మలుపుల్లో గీత గీసినట్టు పోయింది. అన్నకు వంక పెట్టడానికి ఏమీ లేదు. భోజనాల దగ్గర ఆయన గెలిచినవాడిలా నాకు రెండుసార్లు నెయ్యి వడ్డించాడు.

తిరుగు ప్రయాణంలో మామ నా పక్కన దిగబడ్డాడు. బ్రోకరు ఎవరూ పిలవకుండానే అన్న కారెక్కాడు. శాంతిపురం దాటాక చినుకులు మొదలయ్యాయి. నూట అరవైలో ఉన్నాం. (ఇన్నాళ్లూ అలాగే చెప్పుకొచ్చాను. కాగితం మీద పెడుతున్నాను గనుక డెబ్బై అని రాస్తున్నాను.) మొదటి మలుపులో తోక కొంచెం ఆడింది. మామ నా భుజం పట్టుకున్నాడు. రెండో మలుపులో "ఒరే ఒరే ఒరే!" అన్నాడు. మూడో మలుపులో ఒక విచిత్రం జరిగింది. మామ నవ్వాడు. మండీలో ముప్పై ఏళ్లుగా మూతి బిగించుకొని కూర్చునే మనిషి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ డ్యాష్‌బోర్డు మీద దరువేశాడు. "ఇంగో తూరి! ఆ ముందర మలుపులో ఇంగో తూరి తిప్పరా!" పుంగనూరు దాకా ఆయన నోరు మూయలేదు. భయంతో అరిచాడు, సంతోషంతో అరిచాడు, ఎదురొచ్చే బస్సు డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

మండీలో దిగాక డిక్కీ తెరిస్తే రెండు క్రేట్లూ చారుకు సిద్ధమై ఉన్నాయి. అన్న వెంటనే అందుకున్నాడు. "సూడండి మామా! నా కారులో గ్లాసు నీళ్లు పెట్టినా తొణకవు."

మామ తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "నిజమేనప్పా. నీ కారు మంచిది. పోయేటప్పుడు దాంట్లో నేను హాయిగా నిదరపొయినా. ఇదేమో నన్ను పొద్దంతా సంపుతానే ఉండింది. కానీ నిదర మా ఇంట్లోనే ఉండాది గదా. దానికోసం కారు కొనాల్నా?"

అప్పటికే మండీకొచ్చి చూస్తున్న అత్త, కొత్త కారు చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు తేవడానికి లోపలికి పోయింది. అన్న తనే నవ్వేసి, "ఒక రౌండు నన్నూ తిప్పు తమ్ముడా" అన్నాడు. హమాలీలు నన్ను భుజాల మీదికెత్తి యార్డంతా ఊరేగించారు. మామ జేబులోంచి తాళం తీసి, ఎక్కడ ఇవ్వాలో తెలియక, పైన ఊగుతున్న నా చెప్పులో దోపాడు.

షెడ్డు తెరిచిన మూడు నెలలకే మొదటి పెద్ద పని వచ్చింది: ఎర్ర కారు వెనక టైర్లు రెండూ గుండు గీయించుకున్నట్టు నున్నగా అయిపోయాయి. యార్డు ఖాళీగా ఉన్నప్పుడల్లా మామ ఒక్కడే వచ్చి గుండ్రంగా తిప్పుకుంటున్నాడని కాపలావాడు చెప్పాడు.

ఆ షెడ్డులో ఇప్పటికి పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఏ బలం ఏ చక్రానికి పోతుందో కళ్లు మూసుకొని చెప్పగలను. మొన్న సదుం నుంచి ఒకాయన వచ్చి, కొత్త కారు కొంటున్నాను, వెనక చక్రాలదా నాలుగు చక్రాలదా అని అడిగాడు. నేను కళ్లద్దాలు తుడుచుకొని, మీరు ఏ రోడ్డులో తిరుగుతారు, ఎంతమంది ఎక్కుతారు, వానలెట్లా, టైర్లెట్లా అంటూ రెండు టీలు అయ్యేదాకా చెప్పాను. పాపం, వచ్చినప్పటికంటే ఎక్కువ అయోమయంతో వెళ్లిపోయాడు. ఆయన్ని సాగనంపి గుమ్మంలో నిలబడితే, బెంగళూరులో కార్లు కడిగొచ్చిన అప్పటి ఆ కుర్రాడి మీద నాకు కొంచెం అసూయ పుట్టింది. వాడికి ఏమీ తెలియదు గానీ, ఒక్క మాటలో చెప్పి పంపేసేవాడు.