రుక్మాబాయి అడకత్తెర

పక్కింట్లో పెళ్లి పెట్టుకున్నారు. పొద్దున్నుంచీ వాళ్ల వరండాలో ఎవరో వక్కలు కత్తిరిస్తున్నారు. వక్కపొడి పొట్లాల్లో దొరికే ఈ కాలంలో ఇంకా అడకత్తెర పట్టే ఓపిక ఎవరికుందా అని కిటికీ దగ్గరికి వెళ్లాను. వెళ్లినదాన్ని పొయ్యి మీద పాలున్న సంగతి కూడా మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. కటుక్కు, కటుక్కుమనే ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ధైర్యం వస్తుంది. చప్పుడు వింటే ధైర్యమేమిటని మా కోడలు నవ్వుతుంది. నవ్వదూ మరి, ఆమె రుక్మాబాయిని చూడలేదు.

యాభైల నాటి మాట. హైదరాబాదు పాతబస్తీ ఛత్రినాకలో ఒక పాత మేడ కింది భాగంలో మా మహిళా సంక్షేమ కేంద్రం ఉండేది. పిల్లలకు పాలు పోసేవాళ్లం, బాలింతలను చూసి వచ్చేవాళ్లం, ఆడవాళ్లకు కుట్టుపని నేర్పేవాళ్లం. నేను కొత్తగా చేరిన కార్యకర్తను. మా నాన్న గుళ్లో అర్చకుడు. ఆడపిల్ల గల్లీలు పట్టుకు తిరిగే ఉద్యోగమేమిటని మా ఇంట్లో కొన్నాళ్లు అందరూ ముఖాలు ముడుచుకున్నారు. నా మీద అధికారి రుక్మాబాయి. చిన్నతనంలోనే భర్త పోతే అన్నగారి ఇంట్లో ఉండి చదువుకున్న మనిషి. తెల్లచీర, బోసి నుదురు, దళసరి కళ్లద్దాలు. నవ్వితే మాత్రం కుట్టు మిషన్ల చప్పుడు కూడా ఆ నవ్వులో కలిసిపోయేది. ఆమెకున్న ఒకే ఒక వ్యసనం వక్క. బల్ల సొరుగులో అడకత్తెర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

చేరిన కొత్తలోనే ఒకాయన పాలు నీళ్లగా ఉన్నాయని నా మీద విరుచుకుపడ్డాడు. నేను మాటిమాటికీ లోపలి గది పరదా వైపు చూస్తున్నాను, రుక్మాబాయి వచ్చి గట్టెక్కిస్తుందేమోనని. పరదా కదలలేదు. లోపల వక్కలు తెగుతున్న చప్పుడు మాత్రం తాపీగా వినబడుతోంది. ఎలాగో ఆయనకు సర్దిచెప్పి పంపి, ఉక్రోషంతో లోపలికి వెళ్లాను.

"గంత లొల్లి అయితుంటె మీరు బయటికి రాలేదేంది బాయీ?"

"నేనొస్తె రేపటి సంది ఆయన నీ మాట ఇంటడా? ఏమున్నా సక్కగ నా తానకే వస్తడు," అంది ఆమె. "అడకత్తెర సప్పుడు ఇనబడ్డదా? అది ఇనబడ్డంత సేపు నేను ఈడనే ఉన్నట్టు, నీకు చాతనైతదని నాకు ఎరికున్నట్టు. చాత కాదనిపిస్తె అది బంద్ అయితది, నేను లేసి వస్త. గిదే మన ఇద్దరి మధ్య కరారు."

తర్వాత నా అరచేతిలో వక్క పలుకులు పెట్టి అడిగింది, "ఆయన ఆఖరుకు ఏమన్నడు?" నేను మొదటి నుంచీ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "మొదలు అనేటివి గల్లీ ఇనాలని అంటరు. పోతా పోతా అనేది మనకోసం." ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఆయన మెట్లు దిగుతూ, పిల్లకు రెండు రోజులుగా ఏదీ ఇముడ్తలేదని గొణిగాడు. ఆ సాయంత్రమే మేమిద్దరం వాళ్లింటికి వెళ్లి పిల్లను చూశాం. అప్పటినుంచి ఎవరు వచ్చి అరిచి వెళ్లినా మాకు అదే పద్ధతి. నా చేతిలో వక్క పెట్టేది, ఆఖరుకు ఏమన్నారో అడిగేది, ఎక్కడ నిలబడ్డారో అడిగేది. ఎందుకలా చేశావని మాత్రం ఎన్నడూ అడగలేదు. తిట్లు తిని వచ్చినదాన్ని నేనూ తిడితే ఎట్లా అనేది.

ఈ పద్ధతికి అసలు పరీక్ష బాలమణి రూపంలో వచ్చింది. మా కేంద్రం వెనక గల్లీలో ఉండేది. భర్త పోయి చాలా ఏళ్లయింది. కొడుకు మండీలో గుమాస్తా, ఇంట్లో ఒక బర్రె, ఒక కోడలు. కోడలు సత్తెమ్మ మా కుట్టు తరగతిలో అందరికంటే చురుకైనది. సుద్దముక్కతో గీత గీయకుండా రవిక గుడ్డ కత్తిరించేది. కుట్టు పరీక్ష నెగ్గితే మా దగ్గరే సహాయకురాలిగా పని ఇస్తామని రుక్మాబాయి ఆమెకు మాటిచ్చింది. ఆ మాట విన్న రోజు సత్తెమ్మ మిషన్ చక్రాన్ని చీర కొంగుతో అద్దంలా తుడిచిపెట్టింది.

బాలమణి గొంతు వీధి మొదట్లో వినబడితే చాలు, పాలు కాచే హుస్సేనీబీ గిన్నె మీద మూత పెట్టి, "బాయీ, ఫిర్ ఆగయీ," మళ్లీ వచ్చింది అని లోపలికి కేకేసేది. బాలమణి ఫిర్యాదుల్లో ఒకదానికొకటి పొంతన ఉండేది కాదు. ఒకనాడు, "మీ మిషన్ల సప్పుడుకు మా బర్రె పాలు చేపుతలేదు," అనేది. ఇంకోనాడు, మా పాలపొడి తాగి గల్లీ పిల్లలందరికీ కడుపులు ఉబ్బినయనేది. మరొకనాడు, కుట్టు నేర్చుకునేటోళ్లకు గంత నవ్వెందుకు, ఏం నవ్వొచ్చే పని అది అనేది. నేను బర్రె కోసం మిషన్లను మరో గదిలోకి మార్పించాను. మర్నాడు వచ్చి, "గిప్పుడు మా బర్రెకు ఆ సప్పుడు లేక తోస్తలేదు," అంది. లోపల అడకత్తెర తడబడింది. పరదా వెనక రుక్మాబాయి నవ్వు ఆపుకోలేకపోతోందని తెలిసి నాకూ నవ్వు వచ్చింది. దాంతో బాలమణి మరింత మండిపడింది.

పరీక్ష దగ్గరపడిన రోజుల్లో ఒక మధ్యాహ్నం వచ్చి గడప అవతల నిలబడి, "సత్తీ, లే. రేపటి సంది నువ్వు ఈడికి వచ్చేది లేదు," అంది. మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. సత్తెమ్మ సగం కుట్టిన లంగాను మడిచి బల్ల మీద పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయింది. ఆ వంచిన తల చూసి నేను ఆగలేకపోయాను. పరుగున లోపలికి వెళ్లి, గల్లీ పెద్దలను పిలిపిద్దాం, ఈమె సంగతి వాళ్లే చూస్తారన్నాను.

"పిలిపిద్దాం గని, ఆఖరుకు ఏమన్నది?"

"ఏమంటది బాయీ. 'పిలిచినోళ్లనే కూసోబెట్టుకొని కుట్టిపియ్యుండ్రి' అన్నది."

"ఏడ నిలబడ్డది?"

"గడప బయట. ఎప్పుడైనా గాడనే. లోపటికొచ్చి కూసోమంటె ఒక్కసారన్న రాలె. ఇయ్యాల కోడలిని గూడ గాడికెల్లే పిలిచింది."

అడకత్తెర ఆగిపోయింది. రుక్మాబాయి కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుంది. నాకూ అప్పుడే గుర్తొచ్చింది. కుట్టు తరగతి మొదలుపెట్టే ముందు మేమిద్దరం ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు బొట్టు పెట్టి పిలిచి వచ్చాం. పేరంటానికి పిలిచినట్టు పిలిస్తేనే మా వైపు ఆడవాళ్లు గడప దాటుతారు. బాలమణి ఇంట్లో నేను సత్తెమ్మకు బొట్టు పెట్టాను. బాలమణి పక్కనే బర్రెకు గడ్డి వేస్తోంది. భర్త లేని మనిషి కాబట్టి కుంకుమ బరిణె ఆమెను దాటి వెళ్లిపోయింది, దాంతోపాటు పిలుపూ దాటిపోయింది. ఏ ఇంట్లోనైనా అలాగే జరుగుతుంది కనక మాకది తప్పుగానే తోచలేదు.

"నేను పక్కనే ఉన్న గద కమలా. నాకు గూడ తోచలె," అంది రుక్మాబాయి. "బరిణె నన్ను దాటి పోవుడు నాకు చిన్నప్పటి సంది అలవాటైంది. ఆమెకు అలవాటు గాలె." అంతలోనే ఆ పెద్ద నవ్వు నవ్వింది. "మంచిగ జేసింది. నేను ఇన్నేండ్లు చెయ్యని లొల్లి గూడ ఆమెనే చేసింది."

ఆమెను కౌగిలించుకోవాలనిపించింది. అధికారి కదా అని ఆగాను. ఆగకుండా ఉండాల్సింది.

మరునాడు పొద్దున్నే బాలమణి ఇంటికి బయలుదేరాం. కుంకుమ బరిణె తీసుకోలేదు. మా చుట్టుపక్కల ముస్లింలు పెళ్లిళ్లకు ఇలాచీ, అదే ఏలక్కాయ, ఇచ్చి పిలుస్తారు. అది తల్లికీ ఇస్తారు, విధవరాలికీ ఇస్తారు, ఎవరినీ దాటిపోదు. హుస్సేనీబీ తన డబ్బాలోంచి మంచి ఇలాచీలు ఏరి ఇచ్చింది. రుక్మాబాయి స్వయంగా వక్కలు సన్నగా కత్తిరించి, ఇలాచీతో కలిపి ఆకు పొట్లాలు కట్టింది.

బాలమణి మమ్మల్ని చూసి బర్రె వైపు తిరిగి నిలబడింది. రుక్మాబాయి, "పిలుపుల పని నాది. నిన్ను పిలువక తప్పు జేసిన," అని, ఒక్క అడుగు వెనక్కి వేసి నా వైపు చూసింది. ఇంత పెద్ద పని నా చేతిలో పెడుతుందని అనుకోలేదు. సత్తెమ్మ తలుపు చాటు నుంచి చూస్తోంది. నేను పొట్లం ముందుకు చాపాను.

"బాలమణమ్మా, మా కేంద్రానికి మీరు రావాలె."

"గిదెక్కడి పిలుపు? బొట్టు లేని పిలుపు?"

"కొత్త పిలుపు. ఇప్పటి సంది అందరికీ గిదే."

"మొదలు ఎవరింటికి పోయిన్రు?"

"మొదలు మీ ఇంటికే."

ఆమె పొట్లం విప్పి చూసింది. ఒక వక్క పలుకు నోట్లో వేసుకుని, మిగిలింది కొంగున ముడివేసుకుంది. ఆ ముడిని రెండుసార్లు లాగి చూసుకుంది. "వక్క మంచిగ కోసిన్రు," అంది. తర్వాత తలుపు వైపు తిరిగి, "సత్తీ, ఆడ నిలబడి ఏం చూస్తున్నవ్? పరీచ్చ ఉన్నదంటివి గద, నడువు," అంది. సత్తెమ్మ జడ కూడా వేసుకోకుండా మాకంటే ముందే కేంద్రానికి చేరింది.

ఆ మధ్యాహ్నం బాలమణి ఉతికిన చీర కట్టుకుని వచ్చి, గడప ముందు ఒక్క క్షణం ఆగి, లోపలికి అడుగుపెట్టింది. హుస్సేనీబీ పీట వేసింది. కూర్చున్న మరుక్షణం నుంచి పాలు పలుచనయ్యాయనీ, కిటికీ చిన్నదనీ వంకలు మొదలుపెట్టింది. తేడా ఒక్కటే, అవన్నీ గడప లోపలి నుంచి అంటోంది. సత్తెమ్మ పరీక్ష నెగ్గి మా సహాయకురాలైంది. ఆ తర్వాత ఎవరు అరుస్తూ వచ్చినా బాలమణే లేచి, "లోపటికొచ్చి కూసొని లొల్లి పెట్టు, ఏంది గాడ నిలబడి," అనేది.

రుక్మాబాయి ఉద్యోగం విరమించిన రోజు బల్ల సొరుగు తాళం చెవితో పాటు అడకత్తెర కూడా నా చేతిలో పెట్టింది. దాన్ని ఎప్పుడు ఆపాలో నీకు తెలుసు అంది. నా కింద ఎందరో అమ్మాయిలు పనిచేశారు. బయట గదిలో వాళ్ల మీద ఎవరైనా గొంతెత్తినప్పుడల్లా నేను లోపల కూర్చుని వక్కలు కత్తిరించాను. లేచి పోకుండా కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఇదంతా తలుచుకుంటూ ఉండగానే పక్కింటి అమ్మాయి కుంకుమ బరిణెతో పెళ్లికి పిలవడానికి వచ్చింది. మా కోడలికి బొట్టు పెట్టింది. నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. నా భర్త పోయి మూడేళ్లయింది. పాపం, ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. నాకు నవ్వొచ్చింది, రుక్మాబాయి నవ్వు లాంటిదే వచ్చింది. లోపలికి వెళ్లి నా డబ్బా తెచ్చి, వక్క పలుకులూ ఇలాచీలూ ఆమె అరచేతిలో పోశాను. "గివి నా చేతిల పెట్టి పిలువు బిడ్డా," అన్నాను. పిల్ల తడుముకోకుండా వాటిని నా చేతిలో పెట్టి, "అమ్మమ్మా, మీరు తప్పకుండ రావాలె, ముందల కూసోవాలె," అంది. ఒక పలుకు బుగ్గన పెట్టుకున్నాను.

మా పైవాటాలో ఇంకొకావిడ ఉంది, ఆమెకూ భర్త లేడు. ఆ సంగతి చెప్పి డబ్బా పిల్లకే ఇచ్చి పైకి పంపాను. తర్వాత అడకత్తెర తీసుకుని వరండాలో కూర్చున్నాను. ఈ వీధిలో పిలవాల్సిన వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, వక్కలు సరిపోవు.